మార్చి సెలవుల్లో అమ్మానాన్నలతో గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్: వెళ్లవచ్చా?

ప్రశ్న (ఫ్రిస్కో నాన్న)

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి జనవరిలో వచ్చారు. జూన్ చివరి వరకు ఉంటారు. పిల్లలకు మార్చి నెల మధ్యలో స్ప్రింగ్ బ్రేక్ కనుక ఆ వారంలో టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే ఓడలో అందరం కలిసి వెళ్లాలని ఆలోచన. నాన్నగారికి డెబ్భై ఒకటి, అమ్మకు అరవై ఆరు. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, మాంసం, గుడ్డు ముట్టదు. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి నాలుగు.

నా సందేహాలు మూడు. మొదటిది, ఆ వారంలో కాలేజీ పిల్లల గోల ఎక్కువగా ఉంటుందని, పెద్దవాళ్లతో వెళ్లడం మంచిది కాదని ఆఫీసులో కొందరు భయపెడుతున్నారు. అది ఎంతవరకు నిజం? రెండవది, ఐదు రాత్రుల ప్రయాణమా, ఏడు రాత్రులదా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. మూడవది కాగితాల సంగతి. అమ్మానాన్నలకు పదేళ్ల విజిటర్ వీసా ఉంది. నా భార్యకూ, పెద్దవాడికీ గత వేసవిలో హైదరాబాదు వెళ్లినప్పుడు హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం, అయింది. చిన్నది ఇక్కడే పుట్టింది. నాకు మాత్రం హెచ్-1బి (ఉద్యోగ వీసా) స్టాంపు గడువు తీరిపోయింది. ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం), ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే ప్రవేశ పత్రం) రెండూ చెల్లుబాటులో ఉన్నాయి. ఓడ మెక్సికో వరకు వెళ్లి మళ్లీ గాల్వెస్టన్‌కే వస్తుంది కదా, స్టాంపు లేకపోయినా ఫరవాలేదని ఒక మిత్రుడు అంటున్నాడు. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1 (ఓడరేవు ఊరివాడు)

మేము హ్యూస్టన్‌లో ఉంటాము; గాల్వెస్టన్ నుంచి నాలుగు సార్లు వెళ్లాము, అందులో రెండు సార్లు సరిగ్గా మీరు అంటున్న వారంలోనే. కాలేజీ పిల్లల గురించి మీ ఆఫీసువారు చెప్పినది సగం నిజం. పెద్ద ఓడల సంస్థలు ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారిని పెద్దల తోడు లేకుండా గది తీసుకోనివ్వవు కనుక మీరు ఊహించుకుంటున్నంత గోల ఉండదు. అసలు రద్దీ చిన్నపిల్లలున్న కుటుంబాలది. టెక్సస్‌లో చాలా స్కూల్ డిస్ట్రిక్టులకూ యూనివర్సిటీలకూ దాదాపు ఒకే వారంలో సెలవులు రావడం వల్ల ఓడలో ఒక్క గది కూడా ఖాళీ ఉండదు. ఈత కొలను దగ్గర కుర్చీ దొరకాలంటే ఉదయం ఎనిమిదికే తువ్వాలు పరచాలి, లిఫ్టు కోసం పది నిమిషాలు నిలబడాలి. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి భోజనశాలకు దగ్గరగా, కింది అంతస్తుల్లో, ఓడ మధ్య భాగంలో గది తీసుకోండి. అక్కడ ఊపు కూడా తక్కువగా ఉంటుంది.

ఊపు అన్నాను కనుక చెబుతున్నాను. మార్చిలో ఉత్తరం నుంచి చలిగాలులు ఇంకా వస్తూనే ఉంటాయి. అవి వచ్చిన రోజు గల్ఫ్ సముద్రం బాగా లేస్తుంది. మొదటి ప్రయాణంలో తొలి రాత్రి భోజనం చేస్తుండగా మా మామగారి గ్లాసులో నీళ్లు నిదానంగా ఒక పక్కకు ఒరిగి, ఒక్క క్షణం అక్కడే ఆగి, మళ్లీ రెండో పక్కకు ఒరిగాయి. పాపికొండలకు లాంచీల్లో ఎన్నోసార్లు వెళ్లివచ్చిన మనిషి, ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయి, చివరికి చెంచా కింద పెట్టి గదికి వెళ్లి పడుకున్నారు. మరునాటి మధ్యాహ్నానికి అంతా సర్దుకుంది. మీ నాన్నగారు బీపీ మందుల వంటివి వాడుతుంటే, వాటితో పాటు ఏ వాంతుల మాత్ర వేసుకోవచ్చో డాక్టరును ముందే అడిగి ఉంచుకోండి. మొదటి రోజూ చివరి రోజూ పై అంతస్తు చల్లగా ఉంటుంది కనుక శాలువలు, స్వెటర్లు మరువకండి. మెక్సికో దీవి కోజుమెల్ చేరేసరికి నీళ్లు వెచ్చగా ఉంటాయి.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి గాల్వెస్టన్ పొగమంచు. చలికాలం చివర తీరం దగ్గర నీళ్లు ఇంకా చల్లగా ఉండగా, దక్షిణం నుంచి వచ్చే తేమగాలి వాటి మీదుగా వీస్తే దట్టమైన మంచు కమ్ముతుంది. అప్పుడు ఓడలు వచ్చే కాలువను మూసివేస్తారు. మా రెండవ ప్రయాణంలో ఉదయం రావలసిన ఓడ సముద్రంలోనే ఆగిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కవలసిన మేము రాత్రి ఎనిమిదికి ఎక్కాము. అదృష్టవశాత్తూ మా అత్తగారు దారికని కలిపిన పులిహోర కారులో ఉంది. సీవాల్ (సముద్రపు ఒడ్డున కట్టిన గోడ వెంట రోడ్డు) మీద కారు ఆపి, ఎదురుగా ఉన్న సముద్రం కూడా కనిపించని ఆ మంచులో కాగితం ప్లేట్లలో పెట్టుకొని తిన్నాము. ఇప్పటికీ పిల్లలు ఆ ప్రయాణం గురించి ముందు చెప్పేది ఆ పులిహోర ముచ్చటే. ఫ్రిస్కో నుంచి మీకు దాదాపు మూడు వందల మైళ్లు. బయలుదేరే రోజు ఉదయం ఇంటి నుంచి రావద్దు. ముందు రోజే వచ్చి రాత్రి అక్కడ ఉండండి, కారు పార్కింగు ముందుగానే బుక్ చేసుకోండి. తిరిగివచ్చే రోజున కూడా ఆలస్యం కావచ్చు కాబట్టి ఆ మధ్యాహ్నానికి ఆఫీసు మీటింగులేవీ పెట్టుకోవద్దు.

ఐదు రాత్రులా, ఏడా అంటే, మొదటిసారి, అందులోనూ పెద్దవాళ్లతో, ఐదే చాలు.

జవాబు 2 (స్టాంపింగు బాధితురాలు)

పై మిత్రులు ఓడ గురించి వివరంగా చెప్పారు కనుక నేను కాగితాల గురించే రాస్తాను. నేను లాయరును కాను. ఇదే చిక్కులో పడి రెండు నెలలు చదివిన మనిషిని.

మీ మిత్రుడు చెబుతున్నది ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అనే నిబంధన. స్టాంపు గడువు తీరినా, ఐ-94 చెల్లుబాటులో ఉండి, స్టేటస్ తప్పకుండా ఉండి, కెనడాకో మెక్సికోకో వెళ్లి ముప్ఫై రోజుల లోపల తిరిగివస్తే, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేసి ఉండకపోతే, పాత వీసానే చెల్లినట్లు భావిస్తారు. హెచ్-1బి వారికి ఇది ఆ రెండు దేశాలకు మాత్రమే. పక్కనున్న దీవులకు కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వారికి. అందువల్ల ఓడ కోజుమెల్‌తో పాటు హోండురస్‌లోని రోయతాన్‌లోనో, జమైకాలోనో, కేమన్ దీవుల్లోనో ఆగితే మీకు ఈ నిబంధన పనికిరాదు. ఏడు రాత్రుల ప్రయాణాలు చాలావాటిలో అటువంటి రేవు ఒకటి ఉంటుంది.

మెక్సికో ఒక్కటే ఉన్న ప్రయాణమైనా అసలు చిక్కు అక్కడితో పోదు. అమెరికా తిరిగి రానివ్వడం ఒక సంగతి, మెక్సికో అడుగు పెట్టనివ్వడం మరొక సంగతి. భారతీయులకు మెక్సికో వీసా అక్కర లేదని మనమంతా అనుకునేది, చేతిలో చెల్లుబాటయ్యే అమెరికా వీసాయో గ్రీన్ కార్డో ఉన్నప్పటి మాట. గడువు తీరిన స్టాంపు ఆ లెక్కలోకి రాదు. ఓడ ప్రయాణికుల విషయంలో ఏ కాగితాలు చూడాలో రేవు దగ్గర చెకిన్ కౌంటరులో నిర్ణయించేది ఓడ సంస్థే. అక్కడ కాదన్నారంటే వాదించడానికి సమయమూ ఉండదు, డబ్బూ తిరిగి రాదు. మా వారికి ఫోనులో ఒకరు ఫరవాలేదన్నారు, మరునాడు అదే సంస్థలో ఇంకొకరు వీలుపడదన్నారు. రాతపూర్వకంగా అడిగితే "ప్రయాణికుడే సరిచూసుకోవాలి" అని జవాబు వచ్చింది. అంతటితో మేము మానుకున్నాము. మీరు కూడా, ఓడ పేరు, రేవుల పేర్లు, మీ వీసా వివరాలు అన్నీ రాసి, స్పష్టంగా సరేనన్న జవాబు చేతికి రాకుండా డబ్బు కట్టవద్దు.

మిగిలినవారికి ఇబ్బంది లేదు. మీ అమ్మానాన్నలు పాస్‌పోర్టు, వీసా, ఐ-94 ప్రతి పెట్టుకుంటే చాలు; అయితే ఓడ ఎక్కి దిగినంత మాత్రాన వారికి మళ్లీ కొత్తగా ఆరు నెలలు ఇస్తారని లెక్కవేసుకోవద్దు. మీ చిన్నమ్మాయి అమెరికా పౌరురాలు కాబట్టి, బయలుదేరిన రేవుకే తిరిగివచ్చే ప్రయాణాలకు జనన ధ్రువపత్రం సరిపోతుందంటారు. నేనైతే పాస్‌పోర్టు లేకుండా తీసుకువెళ్లను. మెక్సికోలో ఎవరికైనా ఒంట్లో బాగాలేక విమానంలో తిరిగి రావలసివస్తే ధ్రువపత్రంతో విమానం ఎక్కనివ్వరు. ఒకవేళ మీరు ఆగిపోయి మీ భార్య పిల్లలను తీసుకొని వెళ్లేటట్లయితే, తండ్రిగా మీకు సమ్మతమేనని ఒక ఉత్తరం రాసి నోటరీ చేయించి ఇవ్వండి. దానితో పాటు మీ ఐ-797 ప్రతి కూడా.

జవాబు 3 (వంటింటి పెత్తనం)

అమ్మగారి భోజనం గురించి ఎవరూ రాయలేదు, అందుకని నేను.

రైస్ కుక్కరు, కరెంటు కెటిల్ పెట్టెలో పెట్టకండి. వేడి చేసే సామాను దేనినీ ఓడలోకి రానివ్వరు, స్కానింగులో పట్టుకొని పక్కన పెడతారు. ఇంట్లో వండినవి కూడా కుదరవు. సీలు వేసి ఉన్న చిన్న ఆవకాయ సీసా, పొడుల పొట్లాలు మాకు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. కాకపోతే ఓడలోని పండ్లు, తిండి రేవుల్లో కిందికి తీసుకుపోకూడదు.

మొదటి రాత్రి ప్రధాన భోజనశాలలో కూర్చోగానే హెడ్ వెయిటరును పిలిచి, మాకు భారతీయ శాకాహారం కావాలి, గుడ్డు కూడా వద్దు అని చెప్పండి. ఆ రోజుకు ఏదో సలాడు, ఉడికించిన కూరలు వస్తాయి. మరునాటి నుంచి పద్ధతి మారుతుంది. ఓడల్లో వంటవాళ్లు, వడ్డించేవాళ్లు మన దేశం వారు చాలామంది ఉంటారు. మా బల్ల చూసిన మంగుళూరు అబ్బాయి, రెండవ రాత్రి మా అమ్మ ముందు పప్పు, చపాతీ, వంకాయ కూర పెట్టి, "ఆంటీ, కారం సరిపోయిందా?" అని హిందీలో అడిగాడు. కారం సరిపోలేదు, అయినా అమ్మ సరిపోయిందనే చెప్పి, అతను అటు తిరగగానే సంచిలోంచి కారప్పొడి తీసింది. ప్రతి రాత్రీ అదే బల్ల, అదే సమయం అడిగి పెట్టించుకుంటే రోజూ మొదటినుంచి చెప్పుకోవలసిన పని ఉండదు.

టికెట్టు ధర చూసి లెక్క వేయకండి. సిబ్బందికి ఇచ్చే గ్రాట్యుటీ ఒక్కొక్కరికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు, నాలుగేళ్ల పాపకు కూడా. వైఫై వేరు. ఓడలో డాక్టరు ఉంటారు కానీ బిల్లు మీదే కనుక, అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్సు ఓడలోనూ మెక్సికోలోనూ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఇంకొక మాట: ఓడల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజరు అంతగా పనిచేయదు. భోజనానికి ముందు సబ్బుతో కడుక్కోవలసిందే. ఈ విషయంలో పిల్లల కంటే మా మగవాళ్లకే ఎక్కువసార్లు చెప్పవలసివచ్చింది.

జవాబు 4 (ఓడరేవు ఊరివాడు)

ఒక సంగతి మరిచాను. ఐదు రాత్రుల ప్రయాణాల్లో కొన్ని కోజుమెల్‌తో పాటు మెక్సికోలోనే ఉన్న ప్రోగ్రెసో రేవులో ఆగుతాయి. అక్కడ సముద్రం లోతు తక్కువ కావడంతో రేవు వంతెన ఆరు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఊళ్లోకి బస్సులో తీసుకువెళతారు, అమ్మగారు నడవక్కరలేదు. ప్రసిద్ధ మాయా శిథిలాలున్న చిచెన్ ఇట్సా రానూ పోనూ నాలుగు గంటలు కనుక పెద్దవాళ్లకు కష్టం. దగ్గరలోనే ఉన్న జిబిల్‌చల్తూన్ శిథిలాలు చాలు. మార్చి 20 ప్రాంతంలో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, అక్కడి ఏడు బొమ్మల గుడి వాకిలి గుండా ఉదయించే సూర్యుడు కనిపిస్తాడు. ఓడ ప్రయాణికులకు ఆ వేళకు చేరడం కుదరదు గానీ, ఆ వాకిలి ముందు నిలబడితే ఏ లెక్కతో కట్టారో మీ పెద్దవాడికి చూపించవచ్చు.

గడియారం విషయంలో మాత్రం జాగ్రత్త. మార్చి రెండవ ఆదివారం ఇక్కడ గంట ముందుకు జరుపుతాము. మెక్సికో 2022లో ఆ పద్ధతిని చాలావరకు మానుకుంది. అందువల్ల సెలవుల వారంలో కోజుమెల్ సమయం మన టెక్సస్ సమయంతో కలుస్తుంది, ప్రోగ్రెసో సమయం మాత్రం గంట వెనక ఉంటుంది. అక్కడ ఫోను తనంతట తానే స్థానిక సమయానికి మారితే, ఓడ బయలుదేరే వేళకు మీరు ఇంకా గంట ఉందనుకొని బజారులో బేరమాడుతూ ఉంటారు. ఓడ సమయం ఏదో కనుక్కొని, నాన్నగారి చేతి గడియారాన్ని దానికి కలిపి పెట్టండి.

ఫ్రిస్కో నాన్న

అందరికీ ధన్యవాదాలు. ఓడ సంస్థకు వివరంగా రాశాను; పది రోజుల తరువాత వచ్చిన జవాబు పైన చెప్పినట్లే ఎటూ తేల్చలేదు. ఇంట్లో అందరం కూర్చొని మాట్లాడుకున్నాము. నేను లేకుండా వెళ్లడానికి మొదట నాన్నగారు ఒప్పుకోలేదు. మళ్లీ వచ్చే మార్చికి తాము ఇక్కడ ఉండరన్న మాట అమ్మ ఎత్తేసరికి మెత్తబడ్డారు. ఆస్టిన్‌లో ఉన్న మా బావమరిది కుటుంబం తోడు వెళుతోంది. వాళ్లు గ్రీన్ కార్డువారు. మెక్సికో రేవులు మాత్రమే ఉన్న ఐదు రాత్రుల ప్రయాణానికి, ఏడవ అంతస్తులో ఓడ మధ్యలో పక్కపక్కన గదులు దొరికాయి. సమ్మతి ఉత్తరం నోటరీ అయింది, చిన్నదాని పాస్‌పోర్టు చేతికి వచ్చింది.

ముందు రోజే అందరినీ గాల్వెస్టన్ తీసుకువెళ్లి, ఓడ ఎక్కించాకే నేను తిరిగి బయలుదేరుతాను. పొగమంచు సంగతి చదివిన దగ్గర నుంచి అమ్మ పులిహోర చాలా చేస్తానంటోంది. ఓడ వేళకు వచ్చేస్తే డబ్బా మొత్తం నాదే.