అప్‌డేట్: క్లచ్ సంగతి తేలింది

రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు, కాలిన వాసన వస్తోందని అడిగాను కదా. చాలామంది క్లచ్ ప్లేటు (ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించేది) అరిగిందన్నారు. సగమే నిజం.

కడపలో మెకానిక్ హ్యాండ్‌బ్రేక్ వేసి, మూడో గేరులో పెట్టి క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజిన్ ఆగిపోవాలి, ఆగలేదు. గేర్‌బాక్స్ దించితే ప్లేటు అరగడమే కాదు, ఆయిల్‌తో తడిసిపోయి ఉంది. ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ వెనక, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ లీకు! ఉత్త ప్లేటు మార్చుంటే మళ్లీ ఇదే కథ. సీల్‌తో పాటు క్లచ్ ప్లేటు, దాంతో కలిసి పనిచేసే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ అన్నీ మార్పించాను. గేర్‌బాక్స్ రెండోసారి దించే కూలి ఎవరు పెట్టుకుంటారు? క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడుపుతానని చీవాట్లు కూడా పడ్డాయి.

నిన్న ఘాట్ హాయిగా ఎక్కింది. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నాం.