కథ ఉంది, స్క్రిప్ట్‌గా మారట్లేదు, ఏం నేర్చుకోవాలి?

కథలపిచ్చి:
నా దగ్గర ఒక కథ ఉందండి, అన్నదమ్ముల గొడవ, విన్నవాళ్లందరూ బావుందనే అంటున్నారు, తీరా రాద్దామని కూర్చుంటే నాలుగు పేజీలకే నవలలా తయారవుతోంది, పాత్ర మనసులో ఏముందో అదే రాసుకుంటూ పోతున్నా. ముందు ఫార్మాట్ నేర్చుకోవాలా, స్ట్రక్చరా? అసలిది సినిమాకా సిరీస్‌కా అన్నది కూడా తేలట్లేదు.

ఫస్ట్‌డ్రాఫ్ట్:
ఫార్మాట్ ఒక పూట పనండి. సీన్ హెడింగ్‌లో లోపలా బయటా, ఏ చోటు, పగలా రాత్రా, దాని కింద యాక్షన్ (ఫైట్లు కాదు, తెరమీద ఏం జరుగుతోందో అది), తర్వాత పాత్ర పేరు, డైలాగ్, అంతే. ఇంగ్లిష్‌లో కొరియర్ ఫాంట్ 12 సైజులో పేజీకి సుమారు నిమిషం లెక్క, అందుకే ఫీచర్ (పూర్తి నిడివి సినిమా) స్క్రిప్ట్ 90 నుంచి 120 పేజీలు ఉంటుంది. తెలుగు ఫాంట్‌లో ఆ లెక్క నమ్మొద్దు, పైకి చదివి టైమ్ చూసుకోండి.
మీ అసలు ఇబ్బంది వేరే. తెరమీద కనపడేది, వినపడేది మాత్రమే రాయాలి. "తమ్ముడు లోపల కుమిలిపోతున్నాడు" అంటే కెమెరా ఏం తీస్తుంది? ఫోన్ మోగుతుంది, అన్న పేరు చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తాడు. ఇది రాయండి, కుమిలిపోవడం నటుడు చూసుకుంటాడు.

సీన్‌నంబర్7:
నన్నడిగితే ఫార్మాట్ కంటే ముందు సీన్ల లిస్ట్. సీన్‌కి ఒక్క లైన్ చాలు, ఎవరికి ఏం కావాలి, అడ్డెవరు, సీన్ అయ్యేసరికి ఏం మారింది. ఏమీ మారకపోతే తీసేయడమే, డైలాగ్ ఎంత బావున్నా సరే (ప్రాణం పోతుంది, ఆ డైలాగ్ కోసమే సీన్ రాసుంటాం కదా). స్ట్రక్చర్ అంటే కథకి మూడు అంకాలంటారు, మొదటిది 25-30 పేజీల దగ్గర ముగిసి హీరో ఇక వెనక్కి పోలేని చోట పడాలంటారు, అది రాసేటప్పుడు కాదు, రాశాక చెక్ చేసుకోవడానికి పనికొస్తుంది.

రైటర్స్‌రూమ్:
సినిమాకా సిరీస్‌కా అంటే, ఆ అన్నదమ్ములు కలిసిపోతే కథ అయిపోతుందా? అయిపోతే సినిమా. ప్రతి ఎపిసోడ్‌లో కొత్త గొడవ పుట్టించే పరిస్థితి, అంటే ఒకే వ్యాపారమో ఒకే ఇల్లో ఉంటే సిరీస్. యాడ్స్ ఉండే టీవీకైతే ప్రతి బ్రేక్ ముందు ఒక మలుపు కావాలి, లేకపోతే చూసేవాడు ఛానెల్ మార్చేస్తాడు.

కథలపిచ్చి:
అయితే నాది సినిమానే, ఒక్కసారి ఎదురెదురుగా మాట్లాడుకుంటే అయిపోతుంది.

సీన్‌నంబర్7:
మరింకేం, ముందు ఆ సీనే రాసేయండి. వాళ్లు అంతదాకా ఎందుకు మాట్లాడుకోలేదో వెనక్కి వెళ్తూ రాసుకుంటే మిగతా సీన్లు దొరుకుతాయి.