వసంతంలో మళ్ళీ చలి: నాటేసిన టమాటా నారు దక్కుతుందా?

కొత్తచిగురు:
నారు నాటి వారమే అయింది. రేపు రాత్రి 1 డిగ్రీ అంటున్నారు. ప్లాస్టిక్ షీటు కప్పితే చాలా? ఆపిల్ చెట్టు కూడా పూత మీదుంది. పొద్దున్నే కారులో టైరు గాలి తగ్గిందని చెప్పే లైటు వెలుగుతోంది, అదీ చలి వల్లేనా?

తోటపిచ్చి:
ప్లాస్టిక్ ఆకుకు తగిలితే తగిలిన చోటే మాడుతుంది. కర్రలు పాతి, వాటి మీద పాత దుప్పటి వేసి, అంచులు నేలదాకా దించి రాళ్ళు పెట్టండి. వేడి వచ్చేది నేలలోంచే కాబట్టి మొక్కను మూటలా కట్టేస్తే లాభం లేదు. మధ్యాహ్నమే నేల తడపండి, తడిమట్టి పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. పొద్దు కుంకేలోపు కప్పాలి, మర్నాడు ఎండ ఎక్కగానే తీసెయ్యాలి.

థర్మామీటర్:
ఆ 1 డిగ్రీని నమ్మకండి. అది మనిషెత్తున కొలిచేది. గాలి లేక, మబ్బు లేకపోతే నేల దగ్గర సున్నా కిందికి పోతుంది. విచ్చిన ఆపిల్ పూలకు దాదాపు -2 దగ్గర దెబ్బ మొదలు, -4 అయితే చాలావరకు పోతాయి. మర్నాడు రెండు పూలు నిలువునా కోసి చూడండి. రేకులు నిగనిగలాడినా నడిమి భాగం నల్లబడితే ఆ పువ్వు కాయగా మారదు.

నట్టుబోల్టు:
అవును, చలే. 5-6 డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే యూనిట్) పడిపోతుంది. బండి కదలక మూడు గంటలయ్యాక, డోరు పక్క స్టిక్కరు మీది అంకెకు గాలి కొట్టండి. ఒక్క టైరే మాటిమాటికీ తగ్గుతుంటే మాత్రం పంక్చరో, వాల్వో చూసుకోవాలి.

తోటపిచ్చి:
అన్నట్టు, టమాటా ఆకులు నల్లబడినా మొక్కను వెంటనే పీకెయ్యకండి. కాండం పచ్చగా ఉంటే వారం ఆగండి.