ఫిలిప్పీన్స్ అమ్మాయితో పెళ్లి: వాళ్ల సంప్రదాయాలు మీరెలా పాటించారు?

గుంటూరు_డాక్టర్:
అందరికీ నమస్తే. దవావోలో మెడిసిన్ చదివాను. నాకు కాబోయే భార్యది బతంగాస్. జనవరిలో అక్కడి చర్చిలో పెళ్లి. వాళ్ల నాన్నగారు లేరు, లోలా (నానమ్మ) పెంచింది. ఫొటోల కోసం కాకుండా వాళ్ల పద్ధతులు మనసుపెట్టి చేయాలనుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మకాతి_లక్ష్మి:
తమ్ముడూ, ముందు పమమన్‌హికన్ అయిందా? అబ్బాయి తల్లిదండ్రులు అమ్మాయి ఇంటికి వెళ్లి పిల్లనడగడం అది. పన్‌హిక్ అంటే మెట్లెక్కడం. అక్కడి పాతకాలపు ఇళ్లు ఎత్తు మీద ఉండేవి కదా, అందుకని ఆ పేరు. ఉత్త చేతులతో వెళ్లకూడదు, తినేవి తీసుకెళ్లాలి. మా తమ్ముడి పెళ్లికి అమ్మ పూతరేకులు పట్టుకెళ్లింది. వాళ్ల లోలా ఒకటి తీసి, కిటికీ వెలుగులో పెట్టి చూసి, అంచు కొరికింది. వెంటనే మనవరాలి నోట్లో ఒక ముక్క పెట్టింది. అమ్మకీ ఆవిడకీ ఒకరి భాష ఒకరికి రాదు. బయల్దేరేటప్పుడు తమ్ముడు వంగి ఆవిడ చేతిని నుదుటికి తాకించుకుని "మానో పో" అన్నాడు. అది చూసి మా అమ్మ కూడా, తనకన్నా పెద్దావిడ కదా అని, అలాగే చేసింది. ఆవిడ మా అమ్మ చేయి ఇక వదల్లేదు.

సెబూ_రవి:
నినోంగ్, నినాంగ్‌ల ఎంపిక తొందరపడి చేయకండి. వాళ్లు పెళ్లికి సాక్షులు, రేపు మీ ఇంట్లో గొడవొస్తే కూర్చోబెట్టి మాట్లాడే పెద్దలు కూడా. నేను మా మేనమామని కూడా పెట్టుకున్నాను. అన్ని చర్చిల్లో ఒప్పుకోకపోవచ్చు, ఫాదర్‌ని ముందే అడగండి.
ఇంకోటి, మీరు క్రైస్తవులు కాకపోతే చర్చిలో పెళ్లికి బిషప్ అనుమతి కావాలి. పెళ్లి లైసెన్సుకి, మీ పెళ్లికి చట్టపరంగా అడ్డేమీ లేదని మన ఎంబసీ నుంచి సర్టిఫికెట్ కావాలి. అప్లై చేశాక నోటీసు పది రోజులు ఉంచుతారు. జనవరి అంటే ఇప్పుడే మొదలుపెట్టండి.

గుంటూరు_డాక్టర్:
థాంక్స్ అండీ. పమమన్‌హికన్ ఇంకా కాలేదు, అమ్మానాన్న వచ్చే నెల వస్తున్నారు. వాళ్ల అక్క పెళ్లి ఈ ఏడాదే అయింది. ఇది డిసెంబర్‌లో వద్దని లోలా గట్టిగా అన్నారు, ఎందుకో?

మకాతి_లక్ష్మి:
దాన్ని సుకోబ్ అంటారు. తోబుట్టువుల పెళ్లిళ్లు ఒకే ఏడాదిలో జరిగితే కీడని నమ్మకం. వాదించకండి. మన ఇళ్లలో మూఢం అంటే ఆగమా?

వరుడి_అక్క:
మా మరదలికీ నాన్న లేరు. ఆయన బరోంగ్ (అక్కడి మగవాళ్లు వేడుకలకి వేసుకునేది) చొక్కా అంచు కత్తిరించి పూలగుత్తి కాడకి చుట్టుకుంది. ముందు వరుసలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంచారు. ముసుగు ఇద్దరికీ కలిపి పిన్ను పెట్టాక, దాని మీద లాసో తాడుని 8 ఆకారంలో వేస్తారు. ఆ తాడు వేసింది ఆయన తమ్ముడే. మా అమ్మ "ఇది మన బ్రహ్మముడే కదే" అని నా భుజం గట్టిగా పట్టుకుంది.
అర్రాస్ 13 నాణేలు. వరుడు వధువు దోసిట్లో పోస్తాడు, నా సంపాదన మనిద్దరిదీ అని. వాటిలో ఒకటి మా నానమ్మ దాచిన వెండి రూపాయి పెట్టాం. మీరూ ఒకటి పెట్టండి.

గుంటూరు_డాక్టర్:
ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. మా తాతగారి వెండి రూపాయి బీరువాలో ఉందట. తాడు వాళ్ల బాబాయి వేస్తారేమో ఈ రాత్రే అడుగుతాను. లక్ష్మి గారూ, పూతరేకులు విమానంలో నలగకుండా ఎలా సర్దారు?

మకాతి_లక్ష్మి:
స్టీలు డబ్బాలో. పైన మెత్తటి గుడ్డ కుక్కి, చేతి సంచిలోనే పెట్టుకోమను.