సికేరోస్‌ని శిల్పి అనొచ్చా?

మట్టిచేతులు: నిన్న ఇక్కడ మెక్సికో కళాకారుల పోస్టులో డేవిడ్ అల్ఫారో సికేరోస్‌ని "చిత్రకారుడు, శిల్పి" అని వేశారు. చిత్రకారుడు సరే. శిల్పం అంటే చుట్టూ తిరిగి చూడగలగాలి, ఈయన జన్మంతా గోడని పట్టుకునే ఉన్నాడు కదా.

గోడరాత: గోడలోంచి బయటికి తెచ్చాడండి. మెక్సికో సిటీలో యూనివర్సిటీ రెక్టార్ ఆఫీసు గోడ ఫొటో చూడండి, 1952లో మొదలెట్టాడు, విద్యార్థుల చేతులు ఇంతింత ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, పైన గాజుముక్కల మొజాయిక్. కార్లో పోయేవాడిక్కూడా కనపడాలని అలా కట్టాడు.

మట్టిచేతులు: అది రిలీఫ్, గోడకి అంటుకుని ఉబ్బెత్తుగా ఉండే బొమ్మ. ఆ లెక్కన ఇంటి ముందు సిమెంట్ లక్ష్మీదేవిని పోసే మేస్త్రీ కూడా శిల్పే.

మూలకూర్చున్నా: శిల్పే కదా సార్, కాదని ఎవరన్నారు

గోడరాత: మరి మెక్సికో సిటీలోనే 1971లో తెరిచిన పాలీఫోరమ్ అనే కళాభవనం సంగతేంటి? ఇనుప రేకులు వంచి పలకలకి బిగించి రంగేశాడు, అదీ రిలీఫేనా. అసలు మీకు గోడ మీద పనిచేసేవాడంటే చిన్నచూపు. బండ్లకి కొట్టే డ్యూకో పెయింట్ తెచ్చి బొమ్మలేశాడాయన, 1936లో న్యూయార్క్ వర్క్‌షాప్‌లో ఆ రంగు ఒలకబోస్తుంటే పక్కన అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ కూడా ఉన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో 1932లో శిలువకి కట్టేసిన అమెరికా ఆదివాసీ బొమ్మేస్తే సున్నం కొట్టి కప్పేశారు, మళ్ళీ జనానికి చూపించింది 2012లో. నేనూ ఒక ఆఫీసు కాంపౌండ్ గోడకి నెల్లాళ్ళు పనిచేశా, కొత్త ఆఫీసరొచ్చి సున్నం కొట్టించాడు, డబ్బులూ సగమే ఇచ్చారు, ఆ మంట మీకేం తెలుసు.

పాతసంచిక: సున్నం మాట మీరే ఎత్తారు కాబట్టి. 1940 మే 24 తెల్లారుజామున మనుషుల్ని వేసుకుని, యూనిఫాంలు తొడుక్కుని, స్టాలిన్‌తో చెడి మెక్సికోలో తలదాచుకున్న రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ ఇంటి మీద మెషీన్ గన్లతో పడింది స్టాలిన్ వైపు కమ్యూనిస్టు అయిన ఈ సికేరోసే. మంచం పక్కన నక్కి ముసలాయన బతికాడు, మనవడి కాలికి తగిలింది. కాపలా ఉన్న రాబర్ట్ షెల్డన్ హార్ట్‌ని ఎత్తుకెళ్ళారు, శవం సున్నంలో పూడ్చి దొరికింది.

గోడరాత: ఇదిగో వచ్చేశారు. హార్టే తలుపు తీశాడన్న అనుమానం కూడా ఉంది, అది చెప్పరేం? స్పెయిన్ యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడొచ్చిన మనిషండీ ఆయన. మీ ట్రాట్‌స్కీ బ్యాచ్‌కి వేరే పనుండదు.

మట్టిచేతులు: నేనడిగింది శిల్పం గురించి.

పాతసంచిక: నాకే బ్యాచూ లేదు. పార్టీలో చీలికొచ్చినప్పుడు మా నాన్నని ద్రోహి అన్నది నిన్నటిదాకా మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళే, చచ్చిపోతే చూడ్డానికి ఒక్కడు రాలేదు. "మనవాడు" చేస్తే తప్పు కాదనే ఆ బుద్ధి మీద నా కోపం, బొమ్మల మీద కాదు.

గోడరాత: అయితే గోడలన్నిటికీ సున్నం కొట్టించేద్దామా?

పాతసంచిక: ఉండనివ్వండి. పక్కన బోర్డులో హార్ట్ పేరు కూడా రాయమంటున్నా.

గోడరాత: రాయక్కర్లేదు. నాలుగేళ్ళు జైల్లో ఉన్నాడు, చాలదా?

పాతసంచిక: అది వేరే కేసు. 1960లో సర్కారుని తిట్టినందుకు లోపలేశారు, అన్యాయమే, 64లో వదిలారు. దాడి కేసులో ఉన్నది కొన్ని నెలలే, తర్వాత చిలీ కవి, అప్పుడు మెక్సికోలో ఆ దేశపు కాన్సుల్ అయిన నెరూడా ఇచ్చిన వీసాతో చిలీ వెళ్ళి అక్కడో స్కూలు గోడకి బొమ్మలేసుకున్నాడు.