అప్‌డేట్: హామీ సంతకం పెట్టించుకుని ముంచిన బావమరిది సంగతి

నమ్మి హామీ సంతకం పెడితే మా బావమరిది వాయిదాలు ఎగ్గొట్టాడు, బ్యాంకు నా మీద పడింది, క్షమించాలా కేసు వేయాలా అని అడిగాను కదా.

‘క్షమించి వదిలేయండి’ అన్నవారే ఎక్కువ. నాకది మింగుడుపడలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారుకూ అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యత ఉంటుంది. నేను క్షమించినా బ్యాంకు క్షమించదు! పనికొచ్చింది బైబిల్లో మత్తయి 18:15 చూడమన్న ఒకరి సలహా: తప్పు చేసిన సహోదరుణ్ణి ముందు ఒంటరిగా కలిసి గద్దించాలి. డెబ్బై ఏళ్ల మారులు (డెబ్బై ఏడుల సార్లు, అంటే లెక్కపెట్టకుండా) క్షమించమన్నది అదే అధ్యాయంలో, ఆ తరువాత. మా సంఘంలో అందరూ రెండోదే వల్లిస్తారు.

ఆరాధన ముగిశాక సికింద్రాబాద్‌లో అతని దుకాణానికి వెళ్లాను. షట్టరు సగం దించి, చొక్కా జేబులోంచి తాకట్టు రసీదులు తీసి బల్లమీద పరిచాడు. భార్య గాజులతో సహా అన్నీ పోయాయి. “బావా, నీకు ముఖం చూపించలేకే ఫోను ఎత్తలేదు” అన్నాడు. నా కోపం చాలావరకు అక్కడే దిగింది, పూర్తిగా కాదు.

ఇద్దరం బ్యాంకుకు వెళ్తే గడువు పెంచి వాయిదా తగ్గించారు. నేను కట్టిన సొమ్ముకు ప్రామిసరీ నోటు రాయించుకున్నాను. ప్రేమ ఉంటే కాగితం ఎందుకని మా ఆవిడ నిష్ఠూరమాడింది, తమ్ముడు కదా! మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పట్టి కోర్టులో చెల్లదని తేదీ కూడా రాసిపెట్టుకున్నాను.

క్రిస్మస్‌కు వాళ్లను భోజనానికి పిలిచాం. హామీ సంతకం మాత్రం ఇంకెప్పుడూ పెట్టనని అతనితోనే చెప్పేశాను.