కొత్త స్టెతస్కోపుతో తీసిన ఊపిరి శబ్దాలన్నిటినీ మోడల్ క్రాకిల్స్ అంటోంది, ఏం చేయాలి?

ఒంగోలులో ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నాను. ఊపిరి శబ్దాల ఐసీబీహెచ్ఐ 2017 డేటాసెట్ మీద (126 మంది, 920 రికార్డింగులు, 6,898 శ్వాసలు) సీఎన్ఎన్ (ఒక రకం న్యూరల్ నెట్‌వర్క్ మోడల్) ట్రైన్ చేశాను. ఆ డేటా మీద క్రాకిల్స్‌నీ (చిటపట శబ్దాలు) వీజ్‌నీ (ఈల లాంటి శబ్దం) బాగానే విడదీస్తోంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసే 14 మందికి డిజిటల్ స్టెతస్కోపుతో, వీపు మీద ఒక్కో చోట 20 సెకన్ల చొప్పున రికార్డు చేసి పెడితే మాత్రం 12 మందికి క్రాకిల్స్ చూపిస్తోంది. అప్పుడే పక్కనుండి విన్న డాక్టరుగారికి ముగ్గురిలోనే వినిపించాయి.

అన్నిటినీ 4 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటుకి మార్చాను, 100–1,800 హెర్ట్జ్ మధ్య శబ్దాల్నే ఉంచే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టాను. ఒకే మనిషి శబ్దాలు ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ పడకుండా చూశాను. ఫ్యాను ఆపించి, చొక్కాలు తీయించి మళ్లీ రికార్డు చేశాను. ఫలితం మారలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, ఒకాయన రికార్డింగులో స్టెతస్కోపు డయాఫ్రం (చర్మానికి ఆనించే పొర) కింద వెంట్రుకలు నలిగే చిటపట అచ్చం క్రాకిల్స్ లాగే ఉంది. అక్కడ నీళ్లతో తడిపి తీస్తే పోయింది. మిగతావాళ్లలో అదీ లేదు.

డేటాసెట్‌లో వాడిన నాలుగు పరికరాల్లో నాది లేదు, నా అనుమానం దానిమీదే. రోజంతా రాతి దుమ్ములో ఉండేవాళ్లు, లేని జబ్బు ఉందని చెప్పి భయపెట్టలేను, ఉన్నది వదిలేయలేను.

డాక్టరు లేబుల్ ఇచ్చినవి ఈ 14 మందివే ఉన్నప్పుడు, మోడల్‌ని కొత్త స్టెతస్కోపుకి సర్దడానికి మీకు నిజంగా పనిచేసిన పద్ధతి ఏది?